వక్రీభవనమా, వక్రీకరణమా? ఎండమావి నుంచి విమాన వాయుప్రవాహం దాకా ఒక పదవిమర్శ

వ్యాససంగ్రహం: తెలుగు సాహిత్యవిమర్శలో ఎండమావి ‘లేనిదానికి’ పర్యాయపదంగా స్థిరపడింది. భౌతికశాస్త్రం దృష్టిలో అది లేనిది కాదు, మాధ్యమం చోటు మార్చి చూపిన ఉన్నది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల కావ్యవ్యాఖ్యానానికీ, తెలుగు శాస్త్రరచనకూ జరిగిన నష్టాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కాళేశ్వరం గోదావరి ఇసుకను, పోతన భాగవతారంభ పద్యాన్ని, వేగంగా సాగే విమానం చుట్టూ చెదిరిన గాలి కాంతికి కలిగించే విరూపాన్ని పక్కపక్కన ఉంచి, ‘వక్రీభవనం’, ‘వక్రీకరణ’ అనే రెండు మాటల అర్థపరిధులను చర్చిస్తుంది.

కీలకపదాలు: ఎండమావి, మాధ్యమం, వక్రీభవనం, సంక్షుబ్ధ ప్రవాహం, తరంగాగ్రం, పోతన, కాళేశ్వరం.

1. ప్రస్తావన

ఎండమావి, మరీచిక, మృగతృష్ణ అనే మూడు మాటలనూ నిఘంటువులు ఒకే అర్థంలో ఇస్తాయి. కాని మూడింటి చూపూ ఒకటి కాదు. మరీచిక అనే మాటలో మరీచి, అంటే కిరణం ఉంది. మృగతృష్ణలో చూసే ప్రాణి దాహం ఉంది. ఎండమావిలో ఎండ ఉంది. ఒక మాట వెలుగును, మరొకటి చూసేవాణ్ణి, ఇంకొకటి వాతావరణాన్ని పట్టుకున్నాయి. తెలుగు విమర్శ ఈ మూడింటిలో మృగతృష్ణ వైపే మొగ్గింది. దోషమంతా దాహానిదని, అక్కడ ఏమీ లేదని తీర్పు చెప్పింది. ఆధునిక కవిత్వంపై వచ్చిన వ్యాసాల్లో ‘ఎండమావి వంటి ఆశ’ అన్న పదబంధం కనిపిస్తే దాని అర్థం వెతకనక్కరలేదు: ఆశించింది లేదు, అంతే.

ఈ వాడుకకు పెద్ద అండ భర్తృహరి సుభాషితం. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యం బడిపిల్లలకూ కంఠస్థం. ఇసుక నుంచి నూనె తీయడం, మృగతృష్ణలో నీరు తాగడం, కుందేటి కొమ్ము సాధించడం అనే మూడు అసాధ్యాలూ సాధ్యమైనా మూర్ఖుని మనసును రంజింపజేయడం సాధ్యం కాదని దాని భావం. మూడూ ఒకే వరుసలో ఉండటంతో మూడూ ఒకే జాతివని పాఠకుడు అనుకుంటాడు. అద్వైతపరిభాష తెలిసినవారికి ఇది ఒప్పదు. కుందేటి కొమ్ము తుచ్ఛం. ఎవరికీ ఎప్పుడూ కనబడదు. ఎండమావి నీరు ప్రాతిభాసికం; కనబడుతుంది, దగ్గరికి పోతే బాధితమవుతుంది. సుభాషితకర్త ఈ భేదాన్ని చెరిపేశాడని అనడానికి కూడా వీల్లేదు. ఆయన అసాధ్యమన్నది ఎండమావిని కాదు, అందులో నీరు తాగడాన్ని. కనబడటం ఒకటి, దాహం తీర్చడం మరొకటి. పద్యంలో ఉన్న ఈ జాగ్రత్త పద్యాన్ని ఉదాహరించే విమర్శలో లేదు.

2. పోతన చూపు

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన పేరుతో ముడిపడిన ఊరు. భాగవతం ప్రథమస్కంధం ఆదిలో, మూలంలోని మొదటి శ్లోకాన్ని అనుసరించి పోతన చెప్పిన సీసపద్యంలో ఎండమావి ప్రస్తావన వస్తుంది. మూలశ్లోకం వెలుగు, నీరు, మన్ను ఒకదానికొకటిగా తోచడాన్ని దృష్టాంతంగా తెచ్చింది. పోతన దానిని తెలుగు చేస్తూ ఎండమావి నీటిని, కాచాన్ని, అంటే గాజును, వరుసలో నిలిపి వాటిమధ్య కలిగే ‘అన్యోన్యబుద్ధి’ని చెప్పాడు.

ఆ మాట బరువైనది. ఒకదానిపై మరొకటనే బుద్ధి కలగాలంటే మొదట ఒకటి ఉండి తీరాలి. ఏమీ లేనిచోట ఏదో కనబడటం అన్యోన్యబుద్ధి కాదు; ఉన్నదానిని మరొకటిగా గ్రహించడమే అన్యోన్యబుద్ధి. పద్యానికి వేదాంతపరంగా వ్యాఖ్యానం చెప్పేటప్పుడు చాలామంది ‘ఎండమావిలో నీరు లేనట్లే జగత్తు లేదు’ అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. పోతన చెప్పినది అంత పొట్టిది కాదు. ఎండమావి వెనుక నిజమైన వెలుగు ఉంది. ఆ వెలుగు నీరుగా పొరబడింది.

నన్నయ సభాపర్వంలోని మయసభాఘట్టాన్ని దీనితో పోల్చి చూడవచ్చు. దుర్యోధనుడు నేలను నీరనీ, నీటిని నేలనీ భ్రమిస్తాడు. అక్కడ భ్రమకు మూలం శిల్పి పనితనం, నునుపుదేలిన రాయి. చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య ఉన్న గాలికి ఆ కథలో పాత్ర లేదు. ఎండమావిలో పాత్ర అంతా గాలిదే. ఈ రెండింటినీ ‘దృష్టిభ్రాంతి’ అనే ఒకే శీర్షిక కింద చేర్చే అలంకారచర్చలు మాధ్యమాన్ని పూర్తిగా మరచాయి.

3. కాళేశ్వరం ఇసుకపై గాలి

జయశంకర్ భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. మూడో నది సరస్వతి అంతర్వాహినిగా ఉందని విశ్వాసం; అందుకే అది త్రివేణీసంగమం. 2025 మే 15 నుంచి 26 వరకు ఇక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగాయి. అవి నడివేసవి రోజులు. కనబడే నీరు లేని ఎండమావి, కనబడని నీరున్నదని నమ్మే అంతర్వాహిని ఒకే ఇసుకమీద ఎదురుబొదురుగా నిలిచే చోటు ఇది. స్థలపురాణాలపై పరిశోధన చేసేవారు ఈ ఎదురును పట్టించుకోకపోవడం ఆశ్చర్యమే.

మధ్యాహ్నపు ఎండలో ఇసుకను తాకిన గాలి పైగాలికన్నా బాగా వేడెక్కుతుంది. వేడిగాలి పలచన, పలచన గాలికి వక్రీభవన గుణకం తక్కువ. ఆకాశం నుంచి ఏటవాలుగా దిగివచ్చే కిరణం ఈ పొరల్లో క్రమంగా వంగి, నేలను తాకకుండానే పైకి తిరిగి కంటికి చేరుతుంది. కన్ను కిరణం నేరుగా వచ్చిందనే లెక్క వేసుకుంటుంది కాబట్టి ఆకాశపు ముక్క నేలమీద పరచుకున్నట్లు తోస్తుంది. దానిని కెమెరాతో ఫొటో తీయవచ్చు. కెమెరాకు దాహం ఉండదు. దోషాన్ని లేడి దాహానికి అంటగట్టిన మాట ఇక్కడ చెల్లదు. నీరనుకోవడం మనసు పని కావచ్చు. కనబడటం మాత్రం మాధ్యమం పని.

ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలిసి ఉన్నాయి. పొరలు నిలకడగా ఉన్నప్పుడు కలిగే వంపు ఒకటి. ఆ పొరలు చెదిరి, వేడి ముద్దలూ చల్లని ముద్దలూ సుడులు తిరుగుతూ లేచినప్పుడు కలిగే అదురు రెండోది. మొదటిదానికి ఎండమావి అనే పేరుంది. రెండోదానికి జనం ‘సెగ’ అంటారు. ‘సెగలు లేస్తున్నాయి’ అన్నప్పుడు వేడితోపాటు అవతలి చెట్టు, గట్టు అలల్లా కదలడం కూడా ఆ మాటలో ఉంటుంది. నక్షత్రాలు మినుకుమినుకుమనడానికి కారణం కూడా ఇదే అదురు. ఊరిమాటలో ఉన్న ఈ భేదం శిష్టవిమర్శలోకి రాలేదు.

మేడిగడ్డ బ్యారేజీ వల్ల ఈ పొరల కథకు మరో కొస కలిసింది. 85 గేట్లతో సుమారు 1.6 కిలోమీటర్ల పొడవున్న ఆ కట్ట వెనుక నీరు నిలిచినప్పుడు నది పడక ఇసుక కాదు, నీటితలం. ఎండవేళ నీటితలాన్ని ఆనుకున్న గాలి పైగాలికన్నా చల్లగా ఉంటుంది. పొరల వరుస తారుమారవుతుంది, కిందిచూపు ఎండమావి ఏర్పడదు. 2023 అక్టోబరు 21న పియర్లు కుంగాక నీటిని కిందికి వదిలారు. ఇసుక మళ్ళీ బయటపడిన చోట మధ్యాహ్నం ఎండమావికి వీలు తిరిగి వచ్చింది. నిజమైన నీరు నిలిచినచోట నడిమధ్యాహ్నం బూటకపు నీరు కనబడదన్నది ఇక్కడ అలంకారం కాదు, గాలి సాంద్రత లెక్క.

4. కొలిచేవారికి ఎదురైన గాలి

మాధ్యమదోషం కవులకన్నా కొలతదారులను ఎక్కువ బాధించింది. విలియం లాంబ్టన్ నడిపిన త్రికోణమితీయ సర్వేలో జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాదులో చేరాడు. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేసి, జ్వరాలతో మంచం పట్టి, కోలుకోవడానికి కేప్‌కు వెళ్ళాడు. ఆ అడవుల్లోకి వానాకాలంలో ఎందుకు దిగాలి? జ్వరాల కాలమది. అయినా సర్వే బృందాలు ఆ కాలాన్నే ఎంచుకోవడానికి కారణం గాలి. వేసవిలో దూరపు గుట్టమీది గురుతు సెగలో అదురుతూ, ధూళిలో మునిగి థియోడొలైట్‌కు చిక్కదు. వాన వెలిసిన గాలిలో స్పష్టంగా కనబడుతుంది. మంచి చూపు కోసం మనుషులు ప్రాణాలు పెట్టారు. తరువాతి కాలంలో ఎవరెస్ట్ రాత్రివేళ దీపాలు వెలిగించి కొలతలు తీసే పద్ధతిని విస్తృతంగా వాడాడు. రాత్రి నేల చల్లబడి, పొరలు కుదుటపడి, వంగిన కిరణం దిగంతం కింది దీపాన్ని సైతం పైకెత్తి చూపుతుంది. పగలు శత్రువైన వక్రీభవనం రాత్రి పనికొచ్చింది. ఎండమావి అబద్ధమే అయితే దానిమీద దేశపటం నిలిచేది కాదు.

5. విమానం చుట్టూ

ఇంతవరకు చెప్పిన ఉదాహరణలన్నింటిలో చూసేవాడు ఒకచోట నిలిచి ఉన్నాడు. గాలి తనంతట తాను వేడెక్కింది. విమానంతో ఈ పరిస్థితి మారుతుంది. రెక్క దగ్గరి కిటికీలోంచి ఇంజను వెనుక భాగం వైపు చూసే ప్రయాణికుడికి అవతలి నేల నీటిలో ముంచినట్లు అల్లాడుతూ కనబడుతుంది. అది వేడి పొగ పని. కాని ఇంజనుతో సంబంధం లేకుండానే విమానం తన వేగంతో తన ఒంటిని ఆనుకున్న గాలిని కలచివేస్తుంది. లోపలి నుంచి బయటికి పోయే, బయటి నుంచి లోపలికి వచ్చే ప్రతి కిరణం ఆ పలుచని పొరను దాటాలి.

ధ్వనివేగంలో 0.8 వంతు వేగంతో, సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున సాగే విమానాన్ని తీసుకుంటే, దాని చర్మాన్ని ఆనుకున్న గాలి రాపిడికీ నిరోధానికీ బయటి గాలికన్నా సుమారు 25 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడిగాలి బయటి చల్లగాలితో సుడులుగా కలుస్తుంది. గాలి వక్రీభవన గుణకం ఒకటికన్నా ఎంత ఎక్కువో అది గాలి సాంద్రతకు అనులోమంగా ఉంటుంది. భూమట్టంలో ఆ ఎక్కువ సుమారు 0.00027. చాలా స్వల్పం. కాని కాంతి తరంగం కొలమానం అంతకన్నా స్వల్పం. భూమట్టపు గాలిలో ఒక మీటరు దారిలో ఒక్క డిగ్రీ తేడా వస్తే తరంగాగ్రం సుమారు 0.9 మైక్రాను ముందుకో వెనక్కో జరుగుతుంది. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యానికి అది ఒకటిన్నర రెట్లకు పైన. తరంగాగ్రంలోని సగటు ఒడుదుడుకు తరంగదైర్ఘ్యంలో పదోవంతుకు చేరితేనే కేంద్రీకరించిన కాంతి మధ్యబిందువు తీవ్రత దాదాపు మూడోవంతు తగ్గుతుంది. సాంద్రత పెరిగినకొద్దీ ఈ విరూపం పెరుగుతుంది. వేగంతోనైతే వేగవర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఎత్తున ఎగరడం విమానానికి మేలు చేస్తుంది. తొందర కీడు చేస్తుంది.

సరిహద్దు పొర దాటిన కాంతి ఎలా చెదురుతుందో హన్స్ లీప్‌మన్ 1952లోనే విచారించాడు. తరువాత సమస్య ప్రయోగశాల దాటింది. బోయింగ్ 747 ముక్కులో లేజరు అమర్చిన వైఏఎల్-1 విమానం 2010 ఫిబ్రవరిలో బాలిస్టిక్ క్షిపణిని కూల్చింది; పథకాన్ని 2011లో రద్దు చేశారు. ముక్కు భాగం నుంచి ముందుకు పోయే కిరణానికి గాలి ఒద్దికగా ఉంటుంది. అదే బుడిపె వెనక్కి తిరిగి చూస్తే, గాలి ఒంటిని విడిచి పెద్ద సుడులుగా తెగిపోయిన ప్రాంతం అడ్డు వస్తుంది. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రెండు సెస్నా సైటేషన్ విమానాలను సుమారు 50 మీటర్ల ఎడంతో ఎగరవేసి, ఒకదాని లేజరును మరొకదాని బుడిపెపై పడనిచ్చి ఈ తేడాను ఆకాశంలోనే కొలిచారు. యుద్ధంతో సంబంధం లేని ఉదాహరణ సోఫియా. బోయింగ్ 747ఎస్‌పీ పక్కటెముకలో తలుపు తెరిచి 2.5 మీటర్ల దర్పణంతో నక్షత్రాలను చూసిన ఆ విమాన వేధశాల 2022 సెప్టెంబరు వరకు ఎగిరింది. తెరిచిన తలుపు మీదుగా జారే గాలిపొర చిత్రాన్ని మసకబరిచేది. అయినా పరారుణ కాంతి తరంగదైర్ఘ్యం పొడవైనది గనుక దానికి ఆ దెబ్బ తక్కువ. భూవాతావరణంలోని నీటిఆవిరిని తప్పించుకోవడానికి పైకి వెళ్ళిన దూరదర్శిని తాను లేపిన గాలిలోంచే చూడవలసివచ్చింది.

తెలుగు నేలకు ఇది దూరపు సంగతి కాదు. క్షిపణుల అన్వేషకాలపై పనిచేసే రీసెర్చ్ సెంటర్ ఇమారత్, లేజరు ఆయుధాలపై పనిచేసే ‘చెస్’ ప్రయోగశాల హైదరాబాదులోనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 13న కర్నూలు సమీపంలోని పరీక్షాక్షేత్రంలో చెస్ నాయకత్వాన రూపొందిన లేజరు ఆయుధాన్ని ప్రదర్శించి డ్రోన్లను కూల్చారు. అది నేలమీది పరికరం; అక్కడ ఎదురయ్యేది విమానం కలచిన గాలి కాదు, ఏప్రిల్ నెల రాయలసీమ సెగ. అన్వేషకం సంగతి వేరు. ధ్వనివేగాన్ని మించి పోయే క్షిపణి తలపై గాజుగోపురం ముందు గాలి నొక్కుకుని వేడెక్కి, లక్ష్యాన్ని ఉన్నచోటుకు పక్కగా చూపగలదు. తెలుగు వార్తారచన ఇలాంటి సందర్భాల్లో ఆయుధాన్నీ లక్ష్యాన్నీ వర్ణిస్తుంది, మధ్యనున్న గాలిని వదిలేస్తుంది. ఎండమావి విషయంలో విమర్శ చేసినదే ఇక్కడ వార్త చేస్తున్నది.

6. కరణమూ భవనమూ

ఈ విషయాన్ని తెలుగులో చెప్పబోయినవారికి మొదటి అడ్డంకి మాటలే. గాలి సంక్షోభానికి పత్రికల్లో స్థిరపడిన మాట ‘కుదుపులు’. అది ప్రయాణికుడి ఒంటికి తగిలేది. కాంతిని చెదరగొట్టే సంక్షుబ్ధ ప్రవాహం మిల్లీమీటర్లు, సెంటీమీటర్ల సుడులది. విమానం ఏమాత్రం కుదుపు లేకుండా సాగుతున్నప్పుడు కూడా అది ఉంటుంది. ‘వివర్తనం’ అన్న మాట భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో అంచులవద్ద కాంతి వంగి వ్యాపించడానికి వాడుకలో ఉంది. వేదాంతంలో వివర్తం తాడు పాముగా తోచడం. రెండు శాఖల విద్యార్థులూ ఒకే తరగతిలో కూర్చుంటే ఎవరి అర్థం వారిదే.

అన్నింటికన్నా చిక్కైనది ‘వక్రీకరణ’. చరిత్ర వక్రీకరణ, వాస్తవాల వక్రీకరణ అన్న వాడుకల వల్ల ఆ మాటకు దురుద్దేశం అంటుకుంది. అందువల్ల కాంతి విరూపానికి ఆ మాట పనికిరాదని, ‘వక్రీభవనం’ చాలునని ఎవరైనా అనవచ్చు. వ్యాకరణం వేరే దారి చూపుతుంది. రెండు మాటలూ చ్విప్రత్యయాంతాలు. ముందు అలా లేనిది అలా కావడం రెండింటిలోనూ ఉంది. ‘భూ’ ధాతువు చేరితే అది తానే అవుతుంది. ‘కృ’ ధాతువు చేరితే ఒకరు అలా చేస్తారు. కాళేశ్వరం ఇసుకపై కిరణం వక్రమవుతుంది. వక్రం చేసే కర్త ఎవరూ లేరు, అందుకే వక్రీభవనం సరైనమాట. విమానం విషయంలో కర్త ఉన్నాడు. విమానమే గాలిని కలచివేసింది, ఆ గాలిలోంచే చూస్తున్నది, చూసినదాన్ని వంకరగా పొందుతున్నది. అక్కడ వక్రీకరణ అనే మాటే నిజమైనది, దానికి అంటిన దురుద్దేశాన్ని తీసివేస్తే. దురుద్దేశం లేకుండా వక్రీకరణ జరగదనుకోవడం తెలుగు చర్చలకు అలవాటైన తొందర. కిరణం వంగడమనే భౌతికక్రియకు వక్రీభవనాన్నీ, చూసేదాని చలనం వల్ల రూపం చెడటానికి వక్రీకరణనూ వాడితే పాఠ్యగ్రంథాల పదజాలం దెబ్బతినదు, కొత్త విషయానికి చోటు దొరుకుతుంది.

దీనివల్ల కావ్యవిమర్శకూ ఒక ఉపయోగం ఉంది. ప్రాచీన దృష్టాంతాలు దోషాన్ని వస్తువులో పెట్టాయి, చూసేవాడి మనసులో పెట్టాయి, అరుదుగా మధ్యనున్న గాలిలో పెట్టాయి. చూసేవాడి వేగమే గాలిని చెరిచి చూపును చెరచడం అన్న నాలుగో స్థితికి ప్రాచీన దృష్టాంతాల్లో చోటు లేదు. మాధ్యమం అన్న ఒకే మాట తెలుగులో గాలికీ, పత్రికకూ, బోధనాభాషకూ వాడుకలో ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధనకు వచ్చిన విద్యార్థి తన విషయాన్ని ఏ పొరలోంచి చూస్తున్నాడో అడిగే పరిశోధనలు తెలుగు శాఖల్లో తక్కువ.

చెడిన తరంగాగ్రాన్ని సరిచేసే పద్ధతి ఇక్కడ ప్రస్తావించదగినది. వచ్చిన వంకరను కొలిచి, దానికి సరిగ్గా ఎదురైన వంకరను దర్పణానికి ఇచ్చి కిరణాన్ని పంపితే, దారిలో రెండు వంకరలూ కొట్టుకుపోతాయి. భూమిమీది దూరదర్శినుల్లో ఇది సాధారణమైపోయింది. విమానంపై సుడులు సెకనుకు వేలసార్లు మారతాయి. కొలిచి, లెక్కకట్టి, దర్పణం వంగేలోగా గాలి మరో ఆకారంలో ఉంటుంది. అందుకే ఇంజనీర్లు దర్పణాన్ని మాత్రమే నమ్ముకోకుండా, బుడిపె ఆకారాన్నీ దాని చుట్టూ గాలి తెగే చోటునూ మార్చే ప్రయత్నాలు చేస్తున్నారు. ఉద్దేశపూర్వకంగా చేసే ఈ ఎదురు వంపుకు తెలుగులో స్థిరమైన పేరు ఇంకా కుదరలేదు. ‘ప్రతివక్రీకరణ’ అనవచ్చు. ఆ మాటలోని ‘కరణం’ ఈసారి ఇంజనీరుది.